ఒక ఇంటికి ఒక్క సాక

పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి సాయంత్రం దాకా నవ్వడం నా వృత్తి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల వెనక సందులో నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్స్ అమ్ముతాను. చీర కొంగు చేత్తో పట్టుకుని ఒకావిడ వస్తుంది. అరల్లో ఉన్న ఆకుపచ్చ తానులన్నీ దింపిస్తుంది. ఒక్కొక్కదాన్నీ గుమ్మం దాకా మోయించి, ఎండలో పెట్టి చూసి, పెదవి విరిచి, "వేరే షాపులో చూసొస్తా" అంటుంది. "తప్పకుండా మేడం, మళ్ళీ రండి" అని నవ్వాలి. ఆవిడ తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు. మనుషులంటే నీకెందుకు పడదని మా పిల్లలు అడుగుతుంటారు. ఒక్క శ్రావణమాసం నా గల్లా మీద కూర్చుంటే వాళ్ళే చెబుతారు.

అందుకే ఆరు దాటగానే గల్లా మా ఇంటామెకు అప్పజెప్పి స్కూటరు తీసేవాణ్ణి. ఎల్బీనగర్ చౌరస్తా రాకముందే కుడిచేతి వైపు కాలనీల్లోకి తిరిగితే మా వీధి. వీధిలో మా ఇంటికి ఎదురుగా, ఒక డాబా ఇంటికీ ఒక అపార్టుమెంటుకూ మధ్యన కల్లు కాంపౌండు ఉండేది. దానికి బోర్డు లేదు. ప్రహరీ గోడ, నీలం రంగు ఇనుప గేటు, లోపల రేకుల పందిరి, దాని కింద చెక్క బెంచీలు, మూలన ఒక నల్లా. అంతే. కాలనీ కంటే అది ముందు పుట్టింది. హయత్‌నగర్ అవతల నుంచి ఈత కల్లు ఆటోలో వచ్చేది. పక్క అపార్టుమెంటు వంటిళ్ళలోంచి కుక్కరు కూతలు వినపడేవి. కాంపౌండులో మాత్రం ఆ మాత్రం చప్పుడు కూడా ఉండేది కాదు.

దాన్ని నడిపేది ఒక అవ్వ. ఆమె మొగుడు చెట్లెక్కి కల్లు గీసేవాడట, మేం ఎరిగేనాటికే లేడు. ఎవరైనా కొత్తవాడు మర్యాదకు పోయి "బాగున్నవా అవ్వా" అన్నాడంటే అయిపోయాడే.

"బాగలేకుంటే నువ్వొచ్చి బాగుజేస్తవా? సీసా తీస్కొని ఆడ కూసో."

ఫోను మోగితే గేటు బయటికి పంపేది. పాట అందుకున్నవాణ్ణి గుడ్డతో కొట్టేది. రాజకీయాలు ఎత్తితే సీసా లాక్కునేది. "ఇంటి లొల్లి చెప్పుల లెక్క గేటు కాడ ఇడిశి రండ్రి. ఈడికొస్తే నోరు మూస్కొని తాగాలె" అనేది. ఆ తిట్లు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. రోజంతా ఊళ్ళో ఆడవాళ్ళందరినీ అక్కా, మేడం అని పిలిచి వచ్చినవాడికి, తనను చూసి ఎవరూ నవ్వని చోటు ఎంత హాయో చెబితే అర్థం కాదు. ఆటో నడిపే ఒకాయన రోజూ నాకు ఎదురు బెంచీలో కూర్చునేవాడు. ఏళ్ళ తరబడి చూశాను కానీ ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు. ఉడకబెట్టిన శనగ గుడాల పొట్లం విప్పి మధ్యలో పెట్టేవాడు. నేను రెండు తీసుకునేవాణ్ణి. అంతకు మించిన స్నేహం నేను ఈ నగరంలో ఎవరితోనూ చేయలేదు.

ఆ బెంచీ మీద నా పక్కన కూర్చునేది మా అన్న.

మా అన్నకూ నాకూ మాటల్లేవు. ఒకే ఇల్లు, కింద ఆయన, పైన నేను. మా నాయన పోచంపల్లి పక్క ఊళ్ళో మగ్గం అమ్ముకుని పట్నం వచ్చాడు. ఇక్కడ తుమ్మచెట్లూ బండలూ తప్ప ఏమీ లేని రోజుల్లో జాగా కొని రెండు గదులు వేశాడు. ఆయన పోయాక ఇల్లు పంచడానికి కూర్చున్న పెద్దమనుషులు మెట్లూ నల్లా సంపూ అన్నీ కొలిచారు. ఒక్క మూల మాత్రం వదిలేశారు. గేటు పక్కన, వేపచెట్టు కింద, చారెడు జాగా. మా అమ్మ బతికున్నప్పుడు అక్కడొక రాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పోచమ్మ అని మొక్కేది. "అది తల్లిది. దాన్ని పంచుడేంది" అన్నారు పెద్దమనుషులు. నిప్పు అక్కడే రాజుకుంది.

రాయిని చెట్టు మొదట్లోకి జరిపి అక్కడొక షట్టరు వేసి కిరాయికిస్తానన్నాడు అన్న. నా మెట్లకు అడ్డం వస్తుందన్నాను నేను. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఆయన గొంతు ఇంజను చప్పుడు మీద కూడా వినపడుతుంది. నా గొంతు కూడా తక్కువది కాదు. ఒకరోజు ఆయన తన బండి అక్కడ పెట్టాడు, నేను దాన్ని లాగి వీధిలో పెట్టాను. ఆయన మా అత్తగారింటి వాళ్ళను ఒక మాటన్నాడు, నేను వాళ్ళ అత్తగారింటి వాళ్ళను రెండన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను, ఇంట్లో ఆడపిల్లలు చదువుతారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ నోళ్ళు పడిపోయాయి. యారాళ్ళిద్దరూ, మా ఇంటామే వదినా, మాత్రం మా వెనక బంగారంలా ఉండేవాళ్ళు. పచ్చళ్ళు పైకి వచ్చేవి, చేపల పులుసు కిందికి పోయేది. మా కబుర్లు కూడా ఆ గిన్నెలతోనే పైకీ కిందికీ తిరిగేవి.

మరి మాటల్లేని అన్న పక్కన బెంచీ మీద ఎందుకు కూర్చునేవాడివి అంటే, దానికి మా నాయన పెట్టిన కట్టడి ఒకటి ఉంది.

కల్లు తాగేముందు కొంచెం నేల మీద ఒంపుతారు. అది సాక. అమ్మవారికీ పోయినవాళ్ళకూ ముందు ఇచ్చి, తర్వాత మనం తాగడం. ఎవరి సాక వాళ్ళు పోసుకునే ఇళ్ళు ఉన్నాయి. మా ఇంట్లో అట్లా కాదు. మా నాయన ఇదే కాంపౌండులో, ఇదే బెంచీ మీద మమ్మల్ని చెరోవైపు కూర్చోబెట్టుకుని తనే పోసేవాడు. "ఒక ఇంటికి ఒక్కటే సాక. పెద్దోడు పోస్తే అందరు పోసినట్టే. రెండు సాకలైన్నాడు ఇల్లు రెండైనట్టు" అనేవాడు. ఆయన పోయాక అన్న పోయడం మొదలుపెట్టాడు. మాటలు పోయాక కూడా అది ఆగలేదు. ఇల్లును పెద్దమనుషులు రెండు చేశారు, మూల కోసం మేం కుక్కల్లా కొట్టుకున్నాం, సాక మాత్రం ఒకటిగా ఉండిపోయింది. అన్న పోసేదాకా నేను గ్లాసు ముట్టేవాణ్ణి కాదు.

ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే ఏడిపించేవాడు. నా గ్లాసు నిండగానే ఆయనకు ఉడకబెట్టిన గుడ్డు గుర్తొచ్చేది. దాన్ని ఇంజను విప్పినంత జాగ్రత్తగా వలిచేవాడు. ఉప్పు అద్దేవాడు. ఆ ఉప్పు వేళ్ళు తుడుచుకోవడానికి రుమాలు వెతికేవాడు. నా కల్లు మీద నురగంతా అణిగిపోయేది. అప్పుడు నా వైపు చూడకుండా గ్లాసు వంచి, నేల మీద ధార వదిలేవాడు. నేను మనసులో ఆయన్ని ఏడుతరాలు తిట్టి తాగేవాణ్ణి. కానీ ఒకటి చెప్పాలి. షాపులో ఆలస్యమై నేను రాకపోతే, ఆయన ముందర నిండు గ్లాసు ముట్టకుండా అట్లాగే ఉండేది. రావడంతోనే అది కనపడేది నాకు. ఒక్కరోజు కూడా నన్ను వదిలి పోయలేదు. దాని కోసమే నేను స్కూటరు తొందరగా తోలేవాణ్ణి. కల్లు కోసం కాదు.

ఇక కాలనీ అసోసియేషన్. దాని ప్రెసిడెంటు కాంపౌండు పక్క అపార్టుమెంటులోనే ఉండే రిటైర్డ్ ఆఫీసరు. నాకు ఆయన మొహం చూస్తేనే ఒళ్ళు మండుతుంది, ఇప్పటికీ.

"ఇంత మంచి ఫ్యామిలీలు ఉండే వీధిలో ఇదేంటండీ?" అనేవాడు ప్రతి మీటింగులో. "మన పిల్లలు రోజూ ఆ గేటు ముందు నుంచి వెళ్ళాలి. ఫ్లాట్లకు రేటు కూడా రావట్లేదండీ."

రేటు అన్న మాట ఒక్కటే నిజం. పిల్లలు ఆ గేటు ముందు క్రికెట్ ఆడుకునేవాళ్ళు, బంతి లోపల పడితే అవ్వ తిట్టి ఇచ్చేది. ఇక తాగుడు సంగతా, పొద్దున్నే చెత్తబండి వచ్చినప్పుడు ప్రెసిడెంటుగారి సంచిలోంచి సీసాల గలగల వీధంతా వినపడేది. ఏసీ గదిలో తాగితే ఫ్యామిలీ, రేకుల కింద తాగితే రౌడీ. నగరంలో కల్లు పేరు చెప్పి ఏవేవో మందులు కలిపి జనం నరాలు లాగేసే చోట్లు ఉన్నాయి, నాకు తెలుసు, వాటిని మూయిస్తే నేనే ముందు నిలబడతాను. అవ్వ అమ్మే కల్లును అసోసియేషన్ వాళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు, ఏమీ దొరకలేదు. ఆమె తిట్లలో తప్ప ఆ కాంపౌండులో ఘాటు ఎక్కడా లేదు.

ఫిర్యాదులతో పని కాకపోయేసరికి ప్రెసిడెంటుకు ఎవరో ఒక ఉపాయం చెప్పారని మాకు తర్వాత తెలిసింది. గుడికి దగ్గర్లో కల్లు దుకాణం ఉండకూడదని రూలు ఉందట. దుకాణం ఉంది, గుడే లేదు. అయితే గుడి కడితే సరి. ఎక్కడ? ఎదురుగా వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి తయారుగా ఉంది కదా.

నేను షాపులో ఉండే వేళ చూసి ఆయన కింది ఇంటికి వచ్చాడు. దుకాణం మాట ఎత్తలేదు. "మీరు పెద్దవారు, మీ మాటే మాటండీ. అమ్మవారు ఎండకు ఎండుతోంది, వానకు తడుస్తోంది. చిన్న గుడి కడదాం, ఖర్చంతా అసోసియేషన్‌దే" అన్నాడట. మా అన్న సరే అన్నాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మూలన ఇటుకలు దించి ఉన్నాయి. చెట్టు కింద ముగ్గు పోసి కొలతలు పెట్టారు. మా ఇంటామె షాపు మూసి వచ్చాక నేను మెట్ల మీద నిలబడి ఆమె మీద అరిచాను. ఆమె తప్పేమీ లేదు, కిందికి వినపడాలని అరిచాను. కాసేపటికి వదిన గోంగూర గిన్నె పట్టుకుని పైకి వచ్చింది.

"మీ అన్న చెప్పమన్నడు. ఆ జాగ ఆయనది గాదు, నీది గాదు. తల్లిది తల్లికిచ్చిండట. ఇగ దేని మీద కొట్లాడ్తడో కొట్లాడుమను అన్నడు."

గిన్నె తీసుకున్నాను. చారెడు జాగాతో నా మెట్లూ పోలేదు, ఆయన షట్టరూ రాలేదు. అమ్మవారితో ఎవడు కొట్లాడతాడు? మరుసటి రోజు కాంపౌండులో అన్న గుడ్డు తెప్పించుకోలేదు. నా గ్లాసు నిండగానే సాక పోశాడు. ఆ మర్నాడూ అంతే. ఒకరోజు పోసేశాక నా వైపు కాస్త తిరిగి, ఏదో అనబోయి, దగ్గి ఊరుకున్నాడు. మాట ఇవాళో రేపో వస్తుందని నాకు అనిపించింది. ఆయనకూ అనిపించే ఉంటుంది. ఆ మూలను వదులుకున్నది దాని కోసమే.

గుడి లేచింది. టైల్స్, ఇనుప గ్రిల్లు, మైకు. పంతులుగారిని పిలిపించి ప్రతిష్ఠ చేయించారు. మా అమ్మ పెట్టిన రాయికి వెండి కళ్ళు అతికించారు. అది అయిన కొద్దిరోజులకు ఎక్సైజు ఆఫీసు మనుషులు ఇద్దరు టేపు పట్టుకుని వచ్చి, గుడి మెట్టు నుంచి కాంపౌండు గేటు దాకా కొలిచారు. పక్కన ప్రెసిడెంటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళిలో పిల్ల తండ్రిలాగా. నేను లోపల బెంచీ మీద ఉన్నాను. సంగతేమిటో నా కంటే ముందు మా అన్నకు అర్థమైంది. చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకుని లేచి నిలబడిపోయాడు.

అవ్వ గేటు దగ్గర నుంచి వచ్చి మా ఇద్దరి ముందర నిలబడింది.

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంట. మీ చారెడు జాగ లొల్లి తెచ్చి నా గడప మీద పెడ్తిరి గదరా."

"నాకు తెల్వదవ్వా. తల్లి మీద ఒట్టు" అన్నాడు అన్న.

"తెల్వనోనివి అడగకుంట ఎందుకిస్తివి? పక్కల తమ్ముడు కూసున్నడు. ఒక్క మాట అడగరాదు?"

నన్ను అడగాలంటే మాట్లాడాలి కదా. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. తగువు తీరాలని ఆయన ఇచ్చిన మూలే మేం కలిసి కూర్చునే ఒక్క చోటునూ మింగేసింది. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ప్రెసిడెంటును ఎట్లాగూ కొట్టాలనిపించింది. ఆ రోజు అన్న సాక పోయలేదు, గ్లాసును బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. నా గ్లాసు కూడా అట్లాగే ఉండిపోయింది. ఆ వారంలోనే నీలం గేటుకు తాళం పడింది. అవ్వ కూతురి ఊరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ జాగాలో కార్లు కడిగే సెంటరు పెట్టారు. పొద్దు పొడవకముందే మోటారు మొదలవుతుంది, నీళ్ళ పైపు రొద, కార్లలోంచి పాటలు. ప్రెసిడెంటుగారు బాల్కనీకి అద్దాలు బిగించుకున్నాడు. అయినా ఆగడం లేదట, అసోసియేషన్ మీటింగులో వాపోయాడు. ఆ మీటింగులకు నేను మానకుండా వెళ్ళాను, ఆయన వాపోవడం వినడానికే.

నా సాయంత్రాలకు దిక్కు లేకుండా పోయింది. చైతన్యపురిలో ఒక బారుకు వెళ్ళాను. గోడంత టీవీలో క్రికెట్. మెడకు టై కట్టుకున్న వెయిటరు వచ్చి "హలో సార్, హౌ ఆర్ యూ" అని నవ్వాడు. రోజంతా నేను నవ్వే నవ్వే అది, ఎంత అరువుదో నాకు తెలియదా? లేచి వచ్చేశాను. ఒక స్నేహితుడు ఊరి నుంచి కల్లు తెచ్చిస్తే మా డాబా మీద కూర్చుని గ్లాసులో పోసుకున్నాను. ఎంతసేపు కూర్చున్నా చెయ్యి ముందుకు సాగలేదు. నా అంతట నేను సాక పోస్తే కిందా పైనా రెండిళ్ళు అయిపోతాయి. పోయకుండా తాగితే గొంతు దిగదు. చివరికి కల్లంతా వేపచెట్టు మీదికి ఒంపేశాను. కింద వరండాలో అన్న కుర్చీలో ఒక్కడే కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. ఇంటి మెట్ల దగ్గర ఎదురుపడితే మునుపటిలాగే మొహాలు తిప్పుకున్నాం. కాంపౌండులోనైతే మాట లేకపోయినా సాక ఉండేది. ఇంట్లో అదీ లేదు. ఏడుపొచ్చింది నాకు. ఎవరి మీద ఏడవాలో తెలియలేదు.

ఎండాకాలం నడిమధ్యలో ఒక పొద్దున వదిన కేక విని కిందికి పరుగెత్తాను. అన్న మంచం పక్కన నేల మీద ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. ఆటోలో వేసి, నా భుజానికి ఆనించి పట్టుకుని, మలక్‌పేట దవాఖానకు తీసుకుపోయాను. దారిపొడుగునా ఆయన నా చొక్కా పట్టుకునే ఉన్నాడు. ఆయనకు నోరు తిరగలేదు. నాకు తిరుగుతుంది, అయినా మాట రాలేదు. తొందరగా తీసుకొచ్చారు కాబట్టి గండం గడిచిందన్నారు డాక్టర్లు. నడక వచ్చింది, మూతి సరిగ్గా అయింది, మాట కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం వణుకుతుంది. బస్సు ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి, టీ కప్పు కూడా నిలబెట్టలేదు. ఇంటికి వచ్చాక నేను కిందికి వెళ్ళలేదు, ఆయన పిలవలేదు. గిన్నెలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

ఆషాఢం వచ్చింది. గుడి ఉన్నాక బోనాలు తప్పవు. కొత్త గుడికి మొదటి బోనాలు. కాలనీ ఆడవాళ్ళు గుడి ముందర చేరి ఏం చేయాలో మాట్లాడుకుంటుంటే ప్రెసిడెంటు కాగితం కలం పట్టుకుని కూర్చున్నాడు. షాపుకు బయలుదేరుతున్నవాణ్ణి నేనూ ఆగాను.

"సాకకు కల్లు ఎవరు తెస్తరు?" అంది వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆమె.

ప్రెసిడెంటు తల ఎత్తాడు. "కల్లెందుకండీ గుడి దగ్గర? పసుపు నీళ్ళు, బెల్లం నీళ్ళు పోద్దాం. అమ్మవారికి భక్తి ముఖ్యం కదండీ."

"పోచమ్మను కూసోబెట్టినప్పుడు తెల్వదా సార్, ఆమె ఏం తాగుతదో?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను అడ్డం ఏమీ పెట్టుకోకుండా నవ్వాను. షాపులో నవ్వే నవ్వు కాదది, కడుపులోంచి వచ్చింది. ఏ తల్లి పేరు చెప్పి కల్లు దుకాణం మూయించాడో ఆ తల్లికి కల్లు లేనిదే పండుగ లేదు. ఏ వినాయకుణ్ణో కూర్చోబెట్టి ఉంటే ఆయనకు ఈ తిప్పలు లేవు. కల్లు లేకుండా బోనం ఎత్తేది లేదని ఆడవాళ్ళు తేల్చి చెప్పారు. మొదటి ఏడే తల్లికి కోపం తెప్పిస్తారా అని ఆయన సొంత పనిమనిషే ఆయన్ని నిలదీసింది. ఆయన కాగితం మీద ఏదో రాసి, కొట్టేసి, చివరికి నా వైపు చూశాడు.

"మీకు... ఆ ముసలావిడ ఎక్కడుంటుందో తెలుసటగా అండీ?"

"తెలుసు" అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఆయన్ని అట్లాగే వదిలేసి స్కూటరు తీశాను.

అవ్వ కూతురి ఊరు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక లోపలికి. వాకిట్లో చింతకాయలు కొడుతూ కూర్చుని ఉంది.

"ఏమొచ్చినవ్? నవ్వుకుంట రాకు నా ముంగటికి."

"బోనాలవ్వా. సాకకు కల్లు కావాలె."

"నా దుకాణం మూసినప్పుడు ఆ తల్లి అడ్డమొచ్చిందా? మీ సారునే చెట్టెక్కి గీస్కొమ్మను."

చాలాసేపు తిట్టింది. ప్రెసిడెంటును, కాలనీని, మా అన్నను, నన్ను, మా నాయనను. నేను అరుగు మీద కూర్చుని అంతా విన్నాను. ఎన్నాళ్ళకో నా ఒంట్లోకి మళ్ళీ ప్రాణం వచ్చినట్టయింది. తిట్లన్నీ అయిపోయాక అడిగింది.

"మీ అన్నకు చెయ్యి పడిపోయిందంట గదా?"

"పడిపోలె. వణుకుతది."

"సాక ఎవరు పోస్తరు మరి?"

స్కూటరు తోలుకుంటూ వస్తూ దారంతా అదే ఆలోచించాను.

ఆదివారం అవ్వ ఆటోలో రెండు మట్టి లొట్ల కల్లుతో దిగింది. కార్లు కడిగే సెంటరు వైపు చూసి ఉమ్మేసింది. డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు బోనాలు ఎత్తుకుని వీధంతా తిరిగి వచ్చారు, మా ఇంటామె ముందు, వదిన ఆమె వెనక. పంతులుగారు ఆ పూటకు ఏదో పని ఉందని రాలేదు. ప్రెసిడెంటు పట్టుపంచె కట్టుకుని కల్లు లొట్టికి దూరంగా, ఫోటోకు దగ్గరగా నిలబడ్డాడు.

"జాగ ఎవరిది?" అంది అవ్వ, తెలియనట్టు. "ఎవరి జాగల తల్లి కూసున్నదో ఆ ఇంటి పెద్దోడు పొయ్యాలె సాక."

జనం పక్కకు జరిగారు. అన్న ముందుకు వచ్చాడు, తెల్ల లాల్చీ, తలస్నానం చేసిన జుట్టు. అవ్వ రాగి చెంబు నింపి ఇచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. చెంబు మెడ దగ్గర కల్లు తుళ్ళి లాల్చీ మీద పడింది. ఒక అడుగు వేశాడు, మళ్ళీ తుళ్ళింది. డప్పులవాళ్ళు కర్రలు ఆపారు. వీధంతా ఆ చేతినే చూస్తోంది. నాకు అక్కడున్న ప్రతి ఒక్కడి కళ్ళూ పొడవాలనిపించింది.

అన్న ఆగిపోయాడు. తిరిగి, నా మొహం వైపు చూడకుండా, చెంబును నా వైపు చాచాడు.

"తీస్కో చిన్నోడా" అంది అవ్వ మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. ఎవరో నా వీపు తట్టి ముందుకు తోశారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆ చెంబు నేను అందుకున్నానంటే ఆ ఇంటికి పెద్దోణ్ణి నేనైనట్టు. ఆయన ఇక లేనట్టు. బతికి నా ముందర నిలబడ్డ మనిషిని, నా చేతులతో నేనే, వీధి మధ్యలో, పోయినవాళ్ళలో కలిపేసినట్టు.

కోపం వచ్చింది నాకు. ఇన్నేళ్ళలో ఆ మూల మీద కూడా అంత కోపం రాలేదు.

"నువ్వుండంగ నేనెట్ల పోస్త? పొయ్యి" అని అరిచాను.

వీధంతా ఉలిక్కిపడింది. అన్న తల ఎత్తి నన్ను చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"కనవడ్తలేదారా? చెయ్యి సక్కగ లేదు."

"వంకరగనే పొయ్యి. మీద పడితే పడనీ. నీ కోసం ఇంక ఎంతసేపు నిలబడాలె?"

ఆయన పళ్ళు కొరికాడు. చెంబు వెనక్కి లాక్కుని, రాయి ముందుకు పోయి, వంచాడు. ధార సగం పోచమ్మ మీద పడింది, సగం టైల్స్ మీద పడి వచ్చి నా పాదాలు తడిపింది. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. అవ్వ ఒక స్టీలు గ్లాసు నింపి నా చేతికిచ్చింది, ఒకటి అన్నకిచ్చింది. గుడి మెట్టు మీద, ఆ చారెడు జాగాలోనే, పక్కపక్కన కూర్చుని తాగాం. ప్రసాదం కాబట్టి ప్రెసిడెంటు ఏమీ అనలేకపోయాడు. మేం కూడా మళ్ళీ ఏమీ అనుకోలేదు.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. ఆయన మొహం తిప్పుకున్నాడు, నేనూ తిప్పుకున్నాను. రోజూ సాయంత్రం దొరికేది ఇప్పుడు ఏడాదికొక్కసారి. నాకు దేవుళ్ళ మీద పెద్ద గురి లేదు. అయినా షాపుకు పోతూ ఆ వెండి కళ్ళ రాయి ముందు రోజూ స్కూటరు ఆపుతున్నాను. మళ్ళీ ఆషాఢం దాకా ఆ చెయ్యి వణుకుతూనైనా ఉండాలని అడుగుతున్నాను.